ముంగాలు, ముంజేయి: బొగ్గు బొమ్మల ప్రాజెక్టు డైరీ

పని ఇదీ: 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కాగితం మీద ఎడ్లకు కాడి కడుతున్న దృశ్యం బొగ్గుతో వేయాలి. జత ఒంగోలు ఎడ్లు, రెండు జతల చేతులు, అంతే. మనుషుల మొహాలు బొమ్మలోకి రావు. దానికి ముందు గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పశువుల్నీ పనిలో ఉన్న చేతుల్నీ గబగబా గీసుకున్న కాగితాల లెక్క ఈ డైరీ. ఏ కాగితం దేనికి పనికొచ్చింది, ఏది ఎందుకు చెడింది అన్నదే ఇందులో ఎక్కువ.

పశువులకొక పుస్తకం, చేతులకొక పుస్తకం పెట్టడం చాలామందికి అలవాటు. ఇక్కడ రెండూ ఒకే కట్టలో ఉన్నాయి. ఎద్దు ముంగాలిలో ఉన్నది మన చేతిలో ఉన్న ఎముకల వరుసే. ఒకటి బరువు మోస్తుంది, ఒకటి పట్టుకుంటుంది. బరువు ఎక్కడ పడుతోందో, పట్టు ఎక్కడ బిగుస్తోందో ముందు గీస్తే అంచు గీతలు వాటంతటవే దారికొస్తాయి. అంచుతో మొదలుపెట్టిన బొమ్మ పశువు కదలగానే ఆగిపోతుంది.

డిసెంబర్ మొదటి సగం: బొగ్గు, కాగితం

దుకాణంలో దొరికే బొగ్గు కడ్డీలు బాగానే ఉంటాయి గానీ ఈ వేగంతో గీస్తే పెట్టెలకు పెట్టెలు ఖాళీ అవుతాయి. అందుకని చింతపుల్లలు కాల్చడం. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డ మీద తొలి గీత పడేది కాల్చిన చింతపుల్లతోనే. ఆ గీత నల్లగా పడుతుంది, గుడ్డతో దులిపితే చాలావరకు రాలిపోతుంది. దిద్దుకుంటూ పోయే పనికి అలాంటిదే కావాలి.

పెన్సిల్ లావున్న కొమ్మలు, 12 నుంచి 15 సెం.మీ. ముక్కలు. పచ్చిగా ఉన్నప్పుడే బెరడు ఒలిచేయాలి, ఎండాక ఊడిరాదు. నీడలో రెండు వారాలు ఆరనివ్వాలి. మూత బిగుతుగా పట్టే రేకు డబ్బాలో నిలువుగా పేర్చి, సందుల్లో ఎండిన ఇసుక పోయాలి. ఇసుక రెండు పనులు చేస్తుంది: పుల్లలు వంకర పోకుండా పట్టి ఉంచుతుంది, లోపల గాలి తగ్గిస్తుంది. మూతకు మేకుతో ఒకే ఒక్క చిల్లు, 2 లేక 3 మి.మీ. డబ్బాను పిడకల నిప్పులో పెడితే మొదట తెల్లటి ఆవిరి వస్తుంది, అది తడి. తర్వాత పసుపు కలిసిన పొగ, అగ్గిపుల్ల చూపిస్తే అంటుకుంటుంది. ఆ పొగ పూర్తిగా ఆగినప్పుడు డబ్బా దించి, చిల్లుకు బంకమట్టి అద్ది, తెల్లారేదాకా ముట్టుకోకూడదు. వేడి మీద మూత తీస్తే గాలి తగిలి పుల్లలన్నీ భగ్గుమని బూడిదవుతాయి. ఎక్కువ డబ్బాలు చెడేది ఇక్కడే.

సరిగ్గా కాలిన పుల్లను నేల మీద వేస్తే ఖంగుమంటుంది. మెత్తగా చప్పుడైతే లోపల గోధుమరంగు మిగిలే ఉందన్నమాట. అది కాగితాన్ని గీరుతుంది, నలుపు ఇవ్వదు. మంట మరీ పెద్దదైతే నీరు ఒక్కసారిగా బయటికొచ్చి పుల్ల నిలువునా చీలుతుంది. అటువంటి ముక్కలు పారేయక్కర్లేదు, నూరితే నీడలు అద్దడానికి పొడి.

కాగితాలు మూడు రకాలు. గబగబా గీసే వాటికి న్యూస్‌ప్రింట్, 45 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) చుట్టుపక్కల ఉండేది, ఎ3 కొలతకు కోసినది. రీలు చివర మిగిలిన కాగితం తూకానికి దొరికితే ఇంకా చవక. ఏడాది తిరిగేసరికి పసుపెక్కి పెళుసుబారుతుంది, దాచుకునే బొమ్మలకు పనికిరాదు. మూడు నిమిషాలకు పైబడిన వాటికి 120 జీఎస్ఎం కార్ట్రిడ్జ్, అంటే మందపాటి డ్రాయింగ్ కాగితం. తెల్ల ఎడ్లకు మాత్రం పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం, దాని గరుకు వైపు. ఆ రంగు మధ్యస్థపు నీడగా ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి వెలుగు పడిన చోట తెల్ల సుద్ద, నీడలో బొగ్గు పెడితే తెల్లని ఒళ్లు రెండు నిమిషాల్లో తేలుతుంది. తెల్ల కాగితం మీద తెల్ల ఎద్దును గీయబోతే చుట్టూ నేపథ్యం నలుపు చేయాలి. అంత సేపు అది నిలబడదు.

మిగతావి: ప్లైవుడ్ పలక, 6 మి.మీ. మందం, ఎ3 కన్నా రెండు వేళ్లు పెద్దది. నాలుగు మూలలకు నాలుగు క్లిప్పులు, కృష్ణ గట్టున గాలికి రెండు చాలవు. రెనాల్డ్స్ 045 బాల్ పెన్ను రెండు. పాత నూలు గుడ్డ. మెత్తటి రబ్బరు లేని రోజున నూనె కలపని గోధుమ పిండి ముద్దతో బొగ్గు అద్ది తీయొచ్చు, కానీ సాయంత్రానికి పారేయాలి, లేకపోతే సంచిలో చీమలు. అరచేతి కింద ఒక అదనపు కాగితం తప్పనిసరి. ఈ ఊళ్లలో డిసెంబరులోనూ పగటిపూట చెయ్యి చెమట పడుతుంది, తడి తగిలిన చోట న్యూస్‌ప్రింట్ ఉబ్బి బొగ్గు మచ్చలుగా అంటుకుంటుంది.

డిసెంబర్ రెండో సగం: ఎముకలు

బయటికి వెళ్లేముందు ఎముకల పాఠం. దీనికి పశువు అక్కర్లేదు, బల్ల చాలు. చెయ్యి బల్ల మీద నిలబెట్టి మధ్య వేలు, ఉంగరపు వేళ్ల కొనల మీద మాత్రమే బరువు వేయాలి. ఆ రెండు గోళ్లే ఎద్దు గిట్టలోని రెండు చీలికలు. గాల్లో మిగిలిన చూపుడు వేలు, చిటికెన వేళ్ల స్థానంలో ఎద్దుకు గిట్ట వెనక రెండు చిన్న గిట్టలు వేలాడుతుంటాయి. బొటనవేలు దానికి లేదు. అరచేతి ఎముకల్లో మధ్యవి రెండూ కలిసిపోయి ఒకే పొడవాటి ఎముకగా నిలబడ్డాయి. దాని పైన మనం మోకాలు అని పిలుస్తున్నది మణికట్టు. అసలు మోచేయి ఎక్కడో రొమ్ము గీత దగ్గర, చర్మంలో కలిసి ఉంటుంది. ఆ పైన భుజం ఎముక, రెక్క ఎముక (భుజం వెనక ఉండే పలక ఎముక) ఒంట్లోనే ఉన్నాయి.

వెనక కాలిది కూడా అదే లెక్క. వెనక్కి పొడుచుకొచ్చిన కోణం మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పొట్ట పక్కన డొక్క కింద ఉంటుంది. ముంగాలి మణికట్టు కన్నా వెనక కాలి మడమ నేల నుంచి కాస్త ఎత్తులో ఉంటుంది. ఈ రెంటినీ ఒకే గీత మీద పెట్టిన బొమ్మలో పశువు బల్లలా కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి సరిచూసుకుంటే సగం బొమ్మలు బాగుపడతాయి.

ఇంకొకటి. మనకు మెడ కింద భుజాన్ని రొమ్ముకు కలిపే ఎముక (కాలర్ బోన్) ఎద్దుకు లేదు. రెక్క ఎముక కండరాలతో మాత్రమే ఛాతీకి వేలాడుతుంది, ఎముకతో ఎముక కలవదు. అందుకే నడిచేటప్పుడు బరువు మోసే వైపు రెక్క ఎముక పైఅంచు మూపురం పక్కన పైకి పొడుచుకొస్తుంది, రెండో వైపు అణుగుతుంది. వీధి కుక్కల్లో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పొద్దున్నే వీధిలో బక్క కుక్క ఒకటి ఎదురుగా నడిచొస్తుంటే చూడండి, భుజాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి లేచి పడుతుంటాయి.

మన చేతికి 27 ఎముకలు: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. గుర్తుపెట్టుకోవాల్సింది అంకె కాదు, వంపు. పిడికిలి కణుపులు నాలుగూ విల్లు మీద ఉంటాయి, మధ్య వేలిది అన్నిటికన్నా ఎత్తు. చేతి వెనక వైపు నుంచి చూస్తే మొదటి కణుపు పొడవు దాదాపు మిగతా రెండూ కలిపినంత. అదే వేలు అరచేతి వైపు నుంచి పొట్టిగా కనిపిస్తుంది, ఎందుకంటే వేళ్ల మధ్య చర్మం మొదటి కణుపు సగం దాకా ఎక్కి ఉంటుంది. రెండు వైపులా ఒకే పొడవు వేస్తే ఆ చెయ్యి చేతి తొడుగులా ఉంటుంది.

జనవరి: గిత్తలు

గుంటూరు నుంచి అమరావతి దారిలో ఉన్న లాం ఫారం పశు పరిశోధన స్థానంలో ఒంగోలు జాతిని పెంచుతారు. అలాంటి చోట గీసుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. పల్లెల్లో కొట్టాల దగ్గర గీసుకోవడం తేలిక. "బాబాయ్, గిత్తను గీసుకుంటాం, కట్టు విప్పొద్దు" అంటే చాలు, నీళ్లు కూడా ఇస్తారు. గిత్త వెనక వైపు నిలబడకూడదు, మరీ ఎదురుగా కూడా వద్దు. ముకుతాడు పట్టుకునే మనిషి పక్కన, పది అడుగుల దూరం మంచిది. ఇంకా దగ్గరికి జరిగితే ప్రమాదం సంగతి అలా ఉంచి, తల పెద్దదిగా కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి.

15 సెకన్ల కాగితాలతో మొదలు. ఒక్కో కాగితం మీద ఎనిమిది గడులు, ఒక్కో గడిలో మూడే గీతలు: నేల, వెన్ను, బరువు మోస్తున్న కాలు. నేల గీత ముందు. అది లేకుండా గిట్టలు వేస్తే తర్వాత ఏం చేసినా పశువు గాల్లోనే ఉంటుంది. సగం కన్నా ఎక్కువ బరువు ముంగాళ్ల మీదే కాబట్టి నిలబడ్డ గిత్తలో బరువు కాలు అంటే సాధారణంగా ముంగాలే. సేద తీరేటప్పుడు వెనక కాళ్లలో ఒకటి వదులు చేసి గిట్ట కొన మాత్రం ఆనిస్తుంది. అప్పుడు తుంటి ఒక వైపు దిగుతుంది. ఆ వాలు పట్టుకుంటే బొమ్మలో ఊపిరి వస్తుంది.

నిమిషం కాగితాల్లో దానికి రెండు ముద్దలు కలిపాం: పక్కటెముకల గూడు, తుంటి. రెంటి మధ్య ఉన్న ఖాళీ, అంటే డొక్క, ఒంటి పొడవును నిర్ణయిస్తుంది. మూపురం ఎక్కడ పెట్టాలన్నది ఇక్కడే తేలాలి. కొత్తవాళ్లు దాన్ని నడుం మీదికి జరిపేస్తారు. మూపురం రెక్క ఎముకలకు సరిగ్గా పైన, ముంగాలి నిలువు గీతకు ఎగువన ఉంటుంది. గిత్తల్లో అది పెద్దది, ఒక పక్కకు కొంచెం ఒరిగినా తప్పు కాదు. ఆవుకు చిన్నది. గంగడోలు గడ్డం కింద నుంచి రొమ్ము మీదుగా బొడ్డు దాకా ముడతలు ముడతలుగా దిగుతుంది. దాన్ని ఒకే వంపు గీతతో వేస్తే కర్టెన్ అయిపోతుంది. పైన మెడ తిరిగిన వైపు ముడతలు దగ్గరపడి, రెండో వైపు సాగుతాయని చూసుకుంటే రెండు మూడు గీతలు చాలు.

మగవాటికి తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద రంగు కమ్ముకుని ఉంటుంది. ముట్టె, కంటి చుట్టూ, గిట్టలు, తోక కుచ్చు నలుపు. ఖాకీ కాగితం మీద ఈ నల్లని చోట్లు ముందు వేసి, సుద్ద చివర వేయాలి. తిరగేస్తే సుద్దలో బొగ్గు కలిసి బురద రంగు వస్తుంది, అది దులిపినా పోదు.

లేవడం, పడుకోవడం బాగా పనికొచ్చే భంగిమలు. పడుకునేటప్పుడు ముంగాళ్లు ముందు మడిచి మణికట్ల మీద దిగుతుంది. లేచేటప్పుడు పిర్రలు ముందు లేస్తాయి, ముంగాలి మణికట్లు ఇంకా నేల మీదే ఉంటాయి. గుర్రం దీనికి తారుమారుగా, ముందు భాగం ముందు లేపుతుంది. మణికట్ల మీద ఆగిన ఆ ఒకటి రెండు క్షణాల్లో ఎద్దుకు ఉన్నది చెయ్యేనని కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. పొద్దున్న మేత వేసేముందు కొట్టం దగ్గర సిద్ధంగా కూర్చుంటే వరసగా నాలుగైదు దొరుకుతాయి.

నడకకు సూత్రం: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. ఒక పక్క కాళ్లు రెండూ పొట్ట కింద దగ్గరపడిన క్షణంలో రెండో పక్క కాళ్లు దూరం జరిగి ఉంటాయి. నాలుగు కాళ్లూ జతలు జతలుగా సమానంగా చాచి వేసిన బొమ్మ నడక కాదు, చెక్క గుర్రం.

సంక్రాంతికి బండలాగుడు పోటీలు. పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అని వయసును బట్టి విభాగాలుంటాయి. గీసేవాళ్లకు దీనివల్ల ఒక సౌకర్యం: లేతవాటి నుంచి ముదురు జతల దాకా ఒకే పూటలో, ఒకే పనిలో కనిపిస్తాయి. లాగుతున్న ఎద్దులో బరువు లెక్క మారిపోతుంది. కాడి మూపురానికి ముందు ఆని, తల కిందికి దిగి, వెనక కాళ్లు వెనక్కి చాచుకుని నేలను తోస్తుంటాయి. వెనక గిట్ట నుంచి తుంటి మీదుగా మూపురం దాకా ఒక్కటే వాలు గీత. ఆ గీత గీసి, దానికి కాడిని అడ్డంగా పెడితే చాలు, మిగతాది తర్వాత నింపుకోవచ్చు. ముందు వరసలో నిలబడితే దుమ్ము, జనం. గెలుపు గీత దగ్గర కాకుండా, కదలిక మొదలయ్యే చోట నిలబడాలి. ఆగిన బండ కదిలే క్షణంలోనే ఒంట్లో బిగువు ఎక్కువ.

ఇక్కడ బొగ్గు పనికిరాలేదు, దుమ్ముకి మట్టిరంగు తిరిగింది. బాల్ పెన్ను నయం. చెరగదు కాబట్టి తప్పు గీత పక్కనే ఒప్పు గీత వేయాల్సి వస్తుంది, ఆ గుబురులోనే కదలిక మిగులుతుంది.

ఫిబ్రవరి: కాలువ గట్లు

బందరు, ఏలూరు, రైవస్ కాలువల వెంబడి ఊరు దాటాక గేదెలు. తెల్ల ఎడ్ల తర్వాత నల్ల గేదెలు గీయడం కంటికి మంచి విరుగుడు. తడిసిన గేదె ఒంటి మీద కనిపించేది రంగు కాదు, మెరుపు. వెన్నుపూస అంచు, తుంటి ఎముకల రెండు మొనలు, కొమ్ముల వంపు. కాగితాన్ని ముందు బొగ్గు పొడితో నింపేసి, రబ్బరుతో ఆ మెరుపులు తీస్తే సరి. నీళ్లలో మెడదాకా మునిగిన గేదెను కాళ్ల బాధ లేకుండా గీయొచ్చు. చేయి ఇంకా తిరగనివాళ్లు మొదలుపెట్టాల్సింది అక్కడ.

కొంగకు మెడ నున్నటి వంపు కాదు. మెడలో ఆరో పూస దగ్గర మడత ఉంటుంది, అక్కడ గీత కాస్త విరగాలి. మోకాలు వెనక్కి వంగినట్టు కనిపించేది మళ్లీ మడమే.

మంగళగిరి మెట్ల మీద కోతుల చేతులు ఈ ప్రాజెక్టుకు వంతెన లాంటివి. ఐదు వేళ్లు, చదును గోళ్లు, బొటనవేలు మాత్రం పొట్టి. పల్లీని బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య నొక్కి పట్టుకుంటుంది. నోటి దగ్గర చెయ్యి ఆగినప్పుడు గీయాలి. తినేది ఏదీ సంచిలో ఉండకూడదు, పిండి ముద్దతో సహా.

మార్చి: చేతులు

చేతులు పశువుల కన్నా కష్టం. పశువు కదిలితే ఇంకో పశువు ఉంటుంది. పని చేస్తున్న చెయ్యి క్షణానికొక తీరు మారుతుంది, పైగా చూసేవాళ్లందరికీ చేతులు ఉన్నాయి కాబట్టి తప్పు ఎవరైనా పట్టేస్తారు. ఊరట ఒక్కటే: పనిలో చేతులు మళ్లీ మళ్లీ అదే భంగిమకు తిరిగొస్తాయి.

విజయవాడ పూల మార్కెట్‌లో ఇది బాగా కుదిరింది. మల్లె దండ కట్టే చేతుల్లో నాలుగు మజిలీలున్నాయి: పూలు జతగా తొడిమకు తొడిమ ఆనించి ఎడమ చేతి వేళ్ల మధ్య పట్టడం, నార చుట్టడం, ఉచ్చు వేసి దూర్చడం, లాగి బిగించడం. కాగితాన్ని నాలుగు భాగాలు చేసి ఒక్కో మజిలీకి ఒక్కో భాగం. చెయ్యి ఆ భంగిమకు వచ్చినప్పుడల్లా ఆ గడిలో ఒకటి రెండు గీతలు, మారగానే పక్క గడికి. పది నిమిషాల్లో నాలుగు బొమ్మలూ కలిసి పూర్తవుతాయి. ఒకదాన్ని ముగించాకే రెండోది అని కూర్చుంటే గుర్తున్నది గీస్తాం, చూసింది కాదు.

ఒకే జీవిని ఒకే చట్రంలో వేర్వేరు క్షణాల్లో చూపించడం ఈ నేలకు కొత్త కాదు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి గుండ్రటి శిల్పంలో నాలాగిరి ఏనుగు రెండుసార్లు ఉంటుంది: ఒక పక్క మదమెక్కి మనుషుల్ని తొక్కుతూ, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లి. వంగిన ఆ ఏనుగు ముంగాళ్లు ఎక్కడ మడిచాడో శిల్పి, చూసి తీరాలి.

చేతుల దగ్గర కూర్చునేటప్పుడు అడగాల్సిన మాట: "అమ్మా, చేతులు మాత్రమే గీసుకుంటాం, మొహం వేయం." నూటికి తొంభై మంది నవ్వి సరేనంటారు, కాకపోతే ఆ తర్వాత ఓ అయిదు నిమిషాలు చేతులు బిగుసుకుంటాయి. ఆ అయిదు నిమిషాలూ బుట్టల్ని గీయడమే మేలు.

పట్టులు మూడు రకాలుగా విడగొట్టి కాగితాల మీద గుర్తు పెడుతున్నాం. చిటికె పట్టు: బొటనవేలి కొన, చూపుడు వేలి కొన. పిడికిలి పట్టు: వస్తువు అరచేతిలో, బొటనవేలు పైన తాళంలా. కొక్కెం పట్టు: నాలుగు వేళ్లు వంగి, బొటనవేలికి పనిలేకుండా, బిందె చెవి పట్టినట్టు. చిటికెలో బలం కొనల్లో ఉంటుంది, కొన కణుపు కాస్త వెనక్కి వంగి గోరు తెల్లబడుతుంది. పిడికిలిలో బలం చిటికెన వేలి వైపు. ఆటోనగర్‌లో స్పానర్ బిగించే చేతుల్లో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, మణికట్టు బయటి అంచు నుంచి మోచేతి దాకా ఒక నరం కడ్డీలా లేస్తుంది. పిడికిలి మూసినప్పుడు నాలుగు వేళ్లూ సమాంతరంగా మడవవు, బొటనవేలి మొదలు వైపే అన్నీ వాలతాయి. సమాంతరంగా వేసిన పిడికిలి అరటిపళ్ల అత్తంలా ఉంటుంది.

వస్తువు ముందు, చెయ్యి తర్వాత. స్పానర్‌ను పూర్తిగా, వేళ్ల వెనక ఉండే భాగంతో సహా సన్నగా గీసి, దాని చుట్టూ వేళ్లు వేయాలి. చెయ్యి ముందు వేసి వస్తువును తర్వాత దూర్చితే పట్టులో ఖాళీ మిగిలిపోతుంది, పట్టుకున్నట్టు కాక ముట్టుకున్నట్టుంటుంది. గోళ్లు చివరికి. నాలుగు వేళ్ల గోళ్లు ఒక వైపు చూస్తే బొటనవేలి గోరు దాదాపు అడ్డంగా తిరిగి ఉంటుందని మాత్రం మొదటే ఒక చిన్న గీతతో గుర్తు పెట్టుకోవాలి.

గుంటూరు సంగతికొస్తే మిర్చి. యార్డులోనూ, కోల్డ్ స్టోరేజీల ఆవరణల్లోనూ తొడిమలు తీసే చేతులు. ఎడమ చేతిలో గుప్పెడు కాయలు, కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలి మధ్య తొడిమ తుంచడం. కొందరు మంటకు ఓర్చుకోలేక వేళ్లకు గుడ్డ పీలిక చుట్టుకుంటారు. ఆ పీలిక ఉన్న వేలు లావుగా, కణుపు తెలియకుండా ఉంటుంది. దాన్ని అలాగే గీయాలి, సరిదిద్దకూడదు. తేజ రకం కాయ సన్నం కాబట్టి వేలి కొనలు దాదాపు తాకుతాయి. బాడిగ రకం పొడుగ్గా ముడతలు పడి ఉంటుంది, పట్టు కాస్త వెడల్పవుతుంది. అదే మనిషి, అదే చెయ్యి, కాయ మారితే బొమ్మ మారుతుంది.

యార్డులో ఘాటు గురించి చెప్పక్కర్లేదు. ముక్కుకు తడి తువ్వాలు, కళ్లకు అద్దాలు, చేతులు కడుక్కోకుండా మొహం ముట్టుకోకూడదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేవాళ్ల దారికి అడ్డం కూర్చోకూడదు. కాగితం మీద కూడా కారం పడుతుంది. దులపకుండా వేలితో బొగ్గు నీడ అద్దితే ఎర్రటి చార తేలుతుంది, రబ్బరుకు అంటుకున్న కారం తర్వాతి కాగితానికి ఎక్కుతుంది. అందుకని యార్డుకు పెన్ను, చిన్న పుస్తకం మాత్రమే. బొగ్గు ఇంటి దగ్గర.

కొండపల్లి బొమ్మల పనివాళ్ల చేతులు ఈ నెలలో చివరివి. తెల్లపొణికి కర్ర మెత్తన, కాబట్టి చేతుల్లో బలం కన్నా అదుపు ఎక్కువ కనిపిస్తుంది. ఆకురాయి పట్టిన చేతి చూపుడు వేలు ఆకురాయి మీద నిటారుగా పడుకుని ఉంటుంది. ఆ ఒక్క వేలు చూస్తే చాలు, పని ఎంత సున్నితమో తెలుస్తుంది.

ఏప్రిల్: కాడి దగ్గర

కట్టలన్నీ పరిచి పెద్ద బొమ్మకు కొలత తేల్చాల్సి వచ్చింది. ఎంచుకున్న జతలో పెద్ద ఎద్దు మూపురం దాకా ఎత్తు 145 సెం.మీ. కాగితం ఎత్తు 122. ఎద్దు పూర్తిగా పట్టాలంటే అయిదింట మూడొంతులకు తగ్గించాలి. అప్పుడు 18 సెం.మీ. చెయ్యి 11 సెం.మీ. అయిపోతుంది, గంగడోలు పక్కన, కాడి నీడలో కనబడకుండా పోతుంది. ఉన్న కొలతకే వేసి కింద కోసేస్తే? నేల నుంచి ముంగాలి మణికట్టు 40 సెం.మీ. ఎత్తున ఉంది. మణికట్టును కాగితం అడుగు అంచుకు 5 సెం.మీ. పైన పెడితే అక్కడి నుంచి మూపురం దాకా 105, పైన 12 సెం.మీ. ఖాళీ. సరిగ్గా పడుతుంది. గిట్టలు, నేల పోతాయి. జనవరి కాగితాల్లో గిట్టల మీద పెట్టిన కష్టం కనబడదు, కానీ బరువు ఏ కాలి మీద ఉందో రెక్క ఎముక పైఅంచు చెప్పగలదు. ఎద్దు మణికట్టు, మనిషి మణికట్టు రెండూ అసలు కొలతలో ఒకే కాగితం మీద పడతాయి. కోయడానికే నిర్ణయం.

చిన్న నమూనా 30 × 20 సెం.మీ., అందులో 2.5 సెం.మీ. గడులు. పెద్ద కాగితం మీద 6 అంగుళాల గడులు. రెండింటా 12 అడ్డం, 8 నిలువు. గడుల్లో ఎత్తి రాసేది కాడి, మూపురాలు, మణికట్లు, ఈ మూడింటి చోట్లే. మిగతా గీతలు గడుల్లో చూసి నింపితే చచ్చుబడతాయి, వాటిని చిన్న కాగితాలు పక్కన తగిలించుకుని నేరుగా భుజం నుంచి గీయాలి. బొగ్గు పుల్లను కొన దగ్గర కాక చివర పట్టుకోవాలి.

చేతుల విషయం. ఒక జత కాడి కర్రను మూపురం ముందు మెడ మీదికి ఎత్తి ఆపుతున్నవి: కొక్కెం పట్టు, కింద నుంచి. రెండో జత మెడ కింద నుంచి తిప్పిన తాడును కాడికి ముడి వేస్తున్నవి: ఎడమది పిడికిలి, కుడిది చిటికె. దండ కట్టే చేతుల కాగితాలు ఇక్కడ నేరుగా పనికొచ్చాయి. నార సన్నం, ఇది మోటు తాడు, కానీ ఉచ్చు దూర్చేటప్పుడు బొటనవేలు అడ్డం తిరిగే తీరు ఒక్కటే.

ఫిక్సర్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే ద్రవం) కూడా కలిపి ఉంచాం: పాలిష్‌వాళ్లు వాడే స్పిరిట్ 100 మి.లీ.కి లక్క పెచ్చులు 2 గ్రాములు, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, చిమ్మే సీసాలో. రెండడుగుల దూరం నుంచి పలచగా ఒకసారి, పది నిమిషాలాగి ఇంకోసారి. లక్క పాళ్లు పెంచితే కాగితం పసుపెక్కి మెరుస్తుంది. దగ్గర నుంచి చిమ్మితే చుక్కలు పడి బొగ్గు జారుతుంది. గాలిలో తేమ ఎక్కువైన రోజున తెల్లటి మసక కమ్ముతుంది. పొయ్యి, దీపం దగ్గర ఈ పని వద్దు. ఫిక్సర్ పడితే తెల్ల సుద్ద సగం మాయమవుతుంది, కాబట్టి సుద్ద వెలుగులు ఆ తర్వాతే, వాటి మీద మళ్లీ చిమ్మకూడదు.

చిన్న కాగితాల్లో దాచేవి బటర్ పేపర్ మధ్య పెట్టి, నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. న్యూస్‌ప్రింట్ వాటిని ఫొటో తీసుకుని వదిలేయడమే.

ఇప్పటికి కాడి, ముందు ఎద్దు మూపురం, మెడ, దాని రెండు మణికట్లు, కాడి ఎత్తిన చేతులు అయ్యాయి. వెనక ఎద్దు తల ఇంకా తేలలేదు, ముందుదాని మెడ నలుపులో కలిసిపోతోంది, చెవి దగ్గర కాస్త వెలుగు తీయాలి. ముడి వేసే కుడి చెయ్యి బొటనవేలు ఒక్కటి మిగిలింది, దానికి అదే తాడుతో, అదే ఎత్తులో ఇంకో పొద్దుటిపూట కూర్చోవాలి. తొలకరి చినుకులు పడేలోపు ఫిక్సర్ కొట్టేయాలి.